భీముడి గోడ

రంజని చేతిలో నాలుగు గిన్నెల క్యారియర్ ఉంది. నెత్తి మీద తడి టవలు ఉంది. ఎండకు తారు రోడ్డు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. అయినా ఆమె నెమ్మదిగానే నడుస్తోంది.

దారిలో ఎవరో ఒకరు అడుగుతారని ఆశ.

టీ అంగడి ముందు కూర్చున్న ముసలాయన అడగనే అడిగాడు. "ఎవురికి పాపా అన్నం?"

"భీమునికి," అంది రంజని.

"ఓ, చిన్నమణి కూతురా నువ్వు?"

"కూతురు కాదు, అక్క కూతురు. ఆయన మా మామ."

ఈ ఒక్క మాట చెప్పడం కోసమే రంజని రోజూ రెండు మైళ్ళు నడుస్తుంది. బడి తెరిచినంత కాలం ఆమె వేలూరులో అమ్మానాన్నల దగ్గర ఉంటుంది. ఎండాకాలం సెలవులకు గుడియాత్తం పక్కన పల్లెలో ఉన్న తాత ఇంటికి వచ్చేస్తుంది. రాగానే మామకు అన్నం మోసే పని తనది. ఆ పని ఇంకెవరికీ ఇవ్వదు.

చిన్నమణి మామ పగలు మేస్త్రి. గోడలు కడతాడు. పల్లెలో ధర్మరాజుల గుడి తిరునాళ్ళు వస్తే మాత్రం ఆయన భీముడు. పద్దెనిమిది దినాలు భారతం ఆడతారు. తెలుగు పాటలన్నీ అరవ అక్షరాల్లో రాసుకున్న నోటుబుక్కు ఒకటి మామ దగ్గర ఉంది. ఇప్పుడు దాన్ని చూడాల్సిన పని కూడా లేదు. పదకొండేళ్ళుగా ఆడుతున్నాడు. ఒకసారి వేలూరు కోట మైదానంలో ఆడి వెండి పతకం తెచ్చుకున్నాడు. ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చినా ఆయన గద తిప్పే రోజు ఆంబూరు నుంచి కూడా జనం బస్సులెక్కి వస్తారు.

కిరీటం పెట్టుకున్న మామ ఫోటో ఒకటి రంజని లెక్కల పుస్తకంలో ఉంటుంది. కష్టమైన లెక్క వచ్చినప్పుడు ఆమె ఒకసారి ఆ పేజీ తిప్పి చూస్తుంది.

గుడియాత్తం బస్టాండు వెనక వీధిలో వరదరాజులు గారి కొత్త ఎస్టీడీ బూత్ కడుతున్నారు. కింద అంగడి ముగిసింది. ముందర పసుపుపచ్చ గాజు బోర్డు కూడా బిగించారు. పైన పిట్టగోడ ఒక్కటే మిగిలింది. మామ ఆ గోడ మీదే ఉన్నాడు. చెయ్యి చకచకా ఆడుతోంది. కింద పచ్చయమ్మ ఇసక, సిమెంటు కలిపి తట్టలో నింపి అందిస్తోంది. మాలు కలిపి మోసే ఆడవాళ్ళను ఆ ఊర్లో సిత్తాళు అంటారు. పచ్చయమ్మ రంజని పుట్టకముందు నుంచీ సిత్తాళు.

"మామా, అన్నం."

"ఆడ పెట్టు పాపా. ఈ గోడ ముగించుకొని వస్తా. మూడింటికి రిహార్సలు ఉండాది."

పచ్చయమ్మ తలెత్తి గోడను చూసింది. "చిన్నమణీ, ఒక్క దినంలోనే ఎనిమిది వరసలు లేపినావు. ఒగసారి గుండు ఏసి చూడు నాయనా."

గుండు అంటే దారం చివర వేలాడే ఇత్తడి గుండు. గోడ పక్కన దాన్ని వదిలితే చాలు. గోడ నిలువుగా ఉందో, వంగిందో తెలిసిపోతుంది.

మామ తాపీని గదలాగా భుజం మీద పెట్టుకున్నాడు. లేని మీసం మెలేశాడు. "భీమునికి గుండు ఎందుకు? నా కన్నే గుండు."

రంజని పడీపడీ నవ్వింది.

పచ్చయమ్మ నవ్వలేదు. తట్ట ఎత్తుకుంది.

ఆ రాత్రి గాలివాన కొట్టింది. తెల్లారేసరికి పిట్టగోడ కూలి బోర్డు మీద పడిందని కబురొచ్చింది. తాత సైకిల్ తీశాడు. రంజని వెనక ఎక్కి కూర్చుంది.

తాత పేరు బలరామయ్య. ఆ చుట్టుపక్కల మేస్త్రీలందరికీ పెద్ద మేస్త్రి. చిన్నమణి ఆయన కొడుకే.

వీధి నిండా ఇటుకలు. పసుపుపచ్చ గాజు ముక్కలు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. వరదరాజులు పంచె పైకి కట్టుకుని గాజు ముక్కల మధ్య నిలబడి ఉన్నాడు.

"ఎన్న మేస్త్రీ, ఏంది ఇది? వచ్చే వారం ఫోను లైను ఇస్తామన్నారు. పగలు పడుంటే ఎవురి నెత్తి మీద పడేది?"

మామ ఇటుకల వైపు చూస్తున్నాడు. మనుషుల వైపు చూడడం లేదు.

"మాలులో ఇసక ఎక్కువైంది," అన్నాడు. "పచ్చయమ్మ కలిపింది."

"నేనా?" అంది పచ్చయమ్మ. "ఒకటికి ఐదు. నువ్వు చెప్పినట్లే గదా కలిపినా."

తాత వంగి ఒక ఇటుక తీశాడు. దానికి అంటుకున్న మాలును వేళ్ళతో నలిపి చూశాడు. చాలాసేపు నలిపాడు. తర్వాత రంజని వైపు తిరిగాడు.

"నిన్న అన్నం తెచ్చినావు గదా. మీ మామ గుండు ఏసినాడా? చూసినావా?"

అందరూ రంజనిని చూశారు. పచ్చయమ్మ కూడా చూసింది. మామ మాత్రం ఇటుకల్నే చూస్తున్నాడు. ఆయన మెడ మీద చెమట పట్టింది. అంత పెద్ద మామ ఆ క్షణంలో చిన్నగా కనిపించాడు. రంజనికి అది నచ్చలేదు. ఆయన మళ్ళీ పెద్దగా అయిపోవాలని అనిపించింది.

"ఏసినాడు తాతా," అంది.

"నువ్వు చూసినావు?"

"చూసినా."

"సరే. నువ్వు చెప్తే సరే," అన్నాడు తాత. ఇటుక కింద పెట్టేశాడు.

"అట్లయితే ఈ అమ్మ నా పనిలో వద్దు," అన్నాడు వరదరాజులు.

పచ్చయమ్మ తట్టను బోర్లించి గోడకు ఆనించింది. కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చాక రంజని లెక్కల పుస్తకం తెరిచింది. ఫోటోలో మామ అలాగే ఉన్నాడు. అదే కిరీటం, అదే మీసం. కానీ ఆమె చూపు కిరీటం దగ్గర ఆగకుండా మెడ దగ్గరికి పోతోంది. చెమట పట్టిందేమో అని చూస్తోంది. ఫోటోను బోర్లించి పుస్తకం మూసేసింది.

రెండు రోజుల్లో దుర్యోధన వధ. తిరునాళ్ళలో పద్దెనిమిదో దినం అదే. గుడి ముందర మైదానంలో మట్టితో ముప్పై అడుగుల దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెడతారు. ఏటా ఆ బొమ్మను చేసేది తాతే. తొడ లోపల ఎర్రనీళ్ళ కుండ పెడతారు. భీముడు వచ్చి గదతో తొడ మీద కొడతాడు. కుండ పగులుతుంది. అప్పుడు జనమంతా బొమ్మ మీద పడి ఆ మట్టిని పిడికెడు పిడికెడు ఇంటికి తీసుకుపోతారు. ధాన్యం కుండలో వేసుకుంటారు.

బొమ్మకు మట్టి తొక్కేది పచ్చయమ్మ. ఈసారి ఆమె రాలేదు.

పక్కింటి కార్తి పోయి పిలిచి వచ్చాడు. వాడిదీ రంజని వయసే. "రాదంట తాతా. మాలు కలపడం రానిదానికి మట్టి తొక్కడం ఏమొస్తాది అనింది."

తాత మట్టికుప్ప వైపు చూశాడు. "సరే. మీరిద్దురూ దిగండి."

రంజని, కార్తి మట్టిలో దిగారు. వరిగడ్డి ముక్కలు చల్లి, నీళ్ళు పోసి, సాయంకాలం దాకా తొక్కారు. ఆట లాగానే ఉంది. తాత ఆ మట్టితో కాళ్ళు చేశాడు, పొట్ట చేశాడు, మీసం తీర్చాడు.

మరునాడు ఎండకు బొమ్మ పగిలింది. అన్ని చోట్లా కాదు. కుడి తొడ మీద జానెడు పగులు.

"కొట్టకముందే ఇరిగిపొయ్యిందే," అన్నాడు కార్తి. "భీముడు వచ్చి ఏం చేస్తాడు? టీ తాగి పోవాల్సిందే."

తాత వాడిని నీళ్ళకు పంపాడు. రంజని పగుల్లో తడి మట్టి కూరుతూ కూర్చుంది. ఎంత మెత్తినా మళ్ళీ విడుస్తోంది.

"తాతా, గదా యుద్ధంలో తొడ మీద కొట్టొచ్చునా?"

"కొట్టగూడదు. నడుము కింద కొట్టేది తప్పు."

"భీముడు కొట్టినాడు గదా?"

"కొట్టినాడు."

"మరి తప్పు చేసినోనికి మనం ఎందుకు చప్పట్లు కొట్టేది?"

తాత పగులు పక్కన మట్టిని బొటనవేలితో నొక్కాడు. "ఆయన లక్క ఇంట్లో నుంచి అమ్మను, అన్నదమ్ములను మోసుకొని వచ్చినాడు. ఊరిని తినే బకాసురుని చంపినాడు. అది పొయ్యేది కాదు గదా. తప్పు ఉండాదని, దాన్ని యాడ పారేసేది?"

"అయితే తప్పును వదిలేస్తే పోయె. ఆ కథ ఆడకుండా ఉండొచ్చు."

"అట్లయితే పదిహేడో దినమే పందిరి విప్పేయొచ్చు," తాత నవ్వాడు. "మనోళ్ళు విప్పలేదే. మంచిది ఎట్ల ఆడతారో, తప్పు గూడా అట్లనే ఆడతారు. పట్టపగలు, అందరి ముందర."

రంజని వేళ్ళ మధ్య మట్టి ఆరిపోతోంది.

"నువ్వు మామను ఎందుకు అడగలేదు తాతా? నన్నెందుకు అడిగినావు?"

తాత నవ్వు ఆగిపోయింది.

"వాడు నా కొడుకు. వాని మీద నా కన్ను సరిగ్గా నిలవదు. వాడు ఏం కట్టినా నాకు నిలువుగానే కనిపిస్తాది. అందుకని నిన్ను అడిగినా."

మామ అన్న మాట రంజనికి గుర్తొచ్చింది. నా కన్నే గుండు.

తన కన్ను కూడా అలాంటిదే. అది కూడా నిలవలేదు.

"గుండు ఏయలేదు తాతా," అంది. "పచ్చయమ్మత్త ఏయమని చెప్పింది. మామ ఏయలేదు. నేను నవ్వినా."

తాత కోప్పడతాడని ఎదురుచూసింది. ఆయన కోప్పడలేదు. మట్టి చేతుల్ని మోకాళ్ళ మీద పెట్టుకుని దుర్యోధనుడి ముఖం వైపు చూస్తూ కూర్చున్నాడు. కోప్పడితేనే బాగుండేది.

"ఇది ముందు ఎవురికి తెలియాల?" అన్నాడు చివరికి.

రంజని లేచింది. చేతులు కూడా కడుక్కోలేదు.

పచ్చయమ్మ ఇంటి ముందర నీడలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. రంజని వచ్చి ఎదురుగా నిలబడింది.

"అత్తా. నేను అబద్ధం చెప్పినా."

"తెలుసు పాపా. ఆ పొద్దు నేనూ ఆడే ఉంటి గదా."

రంజని దారంతా అనుకున్న మాటలన్నీ పోయాయి.

పచ్చయమ్మ ఇంకో రెండు గింజలు తీసింది. "బలరామయ్యన్న నిన్ను అడిగినప్పుడు నేను ఏమనుకుంటినో తెలుసునా? ఈ పాప చూసింది, ఇంకేం పరవాలేదు అనుకుంటి."

ఎండ, నీడ, చింతపండు అన్నీ కలిసిపోయి కనిపించాయి. రంజని మట్టి చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. ముఖమంతా మట్టి అయింది.

"మామ అంటే నాకు శానా ఇష్టం అత్తా. అందుకని..."

"ఇష్టం ఉంటే ఉండనీ. నాకు మాత్రం ఇష్టం లేదా? పదకొండేండ్లుగా ముందు వరసలో కూర్చోని చూస్తా ఉండా." పచ్చయమ్మ చేట పక్కన పెట్టింది. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. "ఆ తొడ పగిలిందంటనే. కార్తిగాడు ఊరంతా చెప్పుకొని తిరగతా ఉండాడు. పద."

మైదానానికి రాగానే ఆమె మట్టిలో కాలు పెట్టింది. మడమతో రెండుసార్లు నొక్కి చూసింది.

"నీళ్ళు ఎక్కువ. గడ్డి తక్కువ. ఎవురు తొక్కినారు?"

"నేను," అంది రంజని.

"తెలస్తానే ఉండాది."

చిన్నమణి మామ అప్పుడే గద తీసుకుని వచ్చాడు. దానికి రంగు వేయించి తెస్తున్నాడు. మట్టిలో పచ్చయమ్మను చూసి ఆగిపోయాడు. పచ్చయమ్మ తొక్కడం ఆపలేదు.

ఇప్పుడు చెప్పకపోతే మళ్ళీ చెప్పలేనని రంజనికి తెలుసు.

"మామా, నువ్వు గుండు ఏయలేదని నేను తాతకు చెప్పేసినా."

మామ తాతను చూశాడు. తాత బొమ్మ మీసం సరిచేస్తున్నాడు. మామ గద భుజం మీద నుంచి దించాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

"రేపు వస్తాడా?" అని గుసగుసగా అడిగాడు కార్తి.

రంజనికి తెలియదు. తను చెప్పింది సరేనా కాదా అన్నది కూడా అప్పుడు తెలియలేదు. పచ్చయమ్మ పక్కనే మట్టిలో దిగి, ఆమె అడుగు వేసిన చోటే తనూ అడుగు వేసింది.

మరునాడు పొద్దున్నే మైదానం నిండిపోయింది. ఒడుగత్తూరు నుంచి, పళ్ళికొండ నుంచి మనుషులు దిగారు. వరదరాజులు ముందర కుర్చీలో ఉన్నాడు. దుర్యోధనుడి తొడ మీద ఒక్క గీత కూడా లేదు.

డప్పులు మొదలయ్యాయి. మామ రాలేదు. డప్పులు ఇంకాసేపు మోగాయి.

అప్పుడు పందిరి వెనక నుంచి కేక వినిపించింది.

మామ వచ్చాడు. ముఖానికి ఎర్రరంగు, భుజాల మీద చెక్క భుజకీర్తులు, నెత్తిన అద్దాల కిరీటం. బొమ్మ చుట్టూ పరిగెత్తాడు. గద గాలిలో గిర్రున తిరిగింది. పాట ఎత్తుకుంటే మైదానం చివర బస్సు డ్రైవరు కూడా ఇంజన్ ఆపేశాడు.

ఈసారి అరవకూడదని రంజని అనుకుంది. కానీ గద పైకి లేచింది. తొడ మీద దిగింది. ఎర్రనీళ్ళు చిమ్మాయి. రంజని గొంతులో నుంచి కేక తనంతట తానే వచ్చింది. పక్కన పచ్చయమ్మ ఆమెకంటే గట్టిగా అరిచింది.

జనం మట్టి కోసం తోసుకుంటున్నారు. మామ మాత్రం పందిరిలోకి వెళ్ళలేదు. నేరుగా వరదరాజులు గారి కుర్చీ దగ్గరికి నడిచాడు. చెమటకు ఒక పక్క మీసం ఊడి వేలాడుతోంది.

"అయ్యా, గోడ తప్పు నాది. గుండు ఏయలేదు. మాలు బాగానే ఉన్నింది. పచ్చయమ్మక్క చెప్పినా నేను వినలేదు."

చుట్టూ ఉన్నవాళ్ళు ఆగి చూశారు. వరదరాజులు కుర్చీలో నుంచి లేచాడు. కిరీటం పెట్టుకున్న భీముణ్ణి ఎలా తిట్టేది?

"మరి నా బోర్డు?" అన్నాడు.

"అదీ నేనే."

మామ పచ్చయమ్మ వైపు తిరిగాడు. ఆమె ముందర నిలబడితే ఆయన మాట తడబడింది. "అక్కా... అందురూ నన్ను భీముడంటారు. భీముని గోడ పడిందంటే ఎట్లా అని... నోట్లో నుంచి వచ్చేసింది."

పచ్చయమ్మ కొంగులో మట్టి ముడి వేసుకుంది.

"రేపు ఏడింటికి వస్తా," అంది. "గుండు తెచ్చుకో."

దుర్యోధన వధ అయిన నాలుగో రోజు మధ్యాహ్నం. రంజని క్యారియర్‌తో బస్టాండు వెనక వీధికి వచ్చింది. పిట్టగోడ మళ్ళీ లేస్తోంది. కింద పచ్చయమ్మ మాలు కలుపుతోంది. గోడ మీద ఒక మూలన ఇత్తడి గుండు దారానికి వేలాడుతోంది.

వీధిలో పోతున్న ఇద్దరు పిల్లలు ఆగి పైకి చూశారు.

"రేయ్, ఆయన భీముడు రా," అన్నాడు ఒకడు.

"అవును," అంది రంజని. "మా మామ."

క్యారియర్ కింద పెట్టింది. గుండు ఊగడం ఆగేదాకా నిలబడింది. ఒక కన్ను మూసి, దారం వెంబడి పైనుంచి కింది దాకా చూసింది. ఇంకోసారి చూసింది.

"మామా," అని గట్టిగా పిలిచింది. "మూడో వరస బయటికి వచ్చుండాది."

మామ వంగి చూశాడు. తాపీ తీసుకుని మూడో వరస ఇటుకలు విప్పడం మొదలుపెట్టాడు.